జీపీఎస్ అబద్ధం చెప్తే ఓడ ఏం చెయ్యాల?

(అనంతపురంలో ఇంజినీరింగ్ విద్యార్థులు, ఎగుమతి వ్యాపారులు, రైతులు కలిసిన సభలో చేసిన ప్రసంగం. రానివాళ్లు చదువుకోవడానికి రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో ఇంజినీరింగ్ పిల్లలు కూర్చున్నారు. వెనకాల తాడిపత్రి, పుట్లూరు వైపు నుంచి వచ్చిన అరటి రైతులు, బండల వ్యాపారం చేసే అన్నలు ఉన్నారు. నాకిచ్చిన విషయం ఓడల మీద, పోర్టుల మీద జరిగే సైబర్ దాడులు. అనంతపురంలో ఓడల ముచ్చటేంది అని మీలో ఎవరైనా అనుకుంటుంటే అది న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబుతోనే మొదలుపెడతా.

2020 జనవరిలో తాడిపత్రి నుంచి అరటిపండ్లతో ఒక ప్రత్యేక రైలు ముంబయి దగ్గరి జేఎన్‌పీటీ పోర్టుకు పోయింది. 43 రీఫర్లు, అంటే ఫ్రిజ్ ఉన్న కంటైనర్లు. అక్కణ్ణుంచి ఓడెక్కినాయి. ఇప్పుడు అంతకు రెండున్నరేళ్లు వెనక్కి పోదాం. 2017 జూన్ ఆఖర్లో అదే జేఎన్‌పీటీలో ఒక టెర్మినల్ కంప్యూటర్లు పనిచెయ్యక నిలిచిపోయింది. గేట్‌వే టెర్మినల్స్ ఇండియా దాని పేరు. దాడి జరిగింది ముంబయి మీద కాదు. ఉక్రెయిన్‌లో పన్ను లెక్కలకు వాడే ఒక సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్, అంటే కంప్యూటర్లను చెడగొట్టే ప్రోగ్రాం పెట్టినారు. ఆ సాఫ్ట్‌వేర్ మేర్స్క్ అనే పెద్ద ఓడల కంపెనీ ఉక్రెయిన్ ఆఫీసులో కూడా ఉంది. అక్కణ్ణుంచి ప్రపంచమంతా ఉన్న ఆ కంపెనీ నెట్‌వర్క్‌లోకి పాకింది. టెర్మినల్ ఆ గ్రూపుదే, కాబట్టి ముంబయికి వచ్చింది. ఉక్రెయిన్‌లో లెక్కల సాఫ్ట్‌వేర్, ముంబయిలో గేటు బయట లారీలు. మన సరుకు దారి ఇంత పొడవుంది. దారిలో ఎక్కడ తెగినా కాయ మనది, నష్టం మనది.

మంగంపేట ముగ్గురాయి కానీ, తాడిపత్రి బండలు కానీ, పెనుకొండలో తయారయ్యే కార్లు కానీ, అన్నీ ఓడెక్కేవే. మన దేశం విదేశీ వ్యాపారంలో పరిమాణం లెక్కన 95 శాతం దాకా సముద్రం మీదనే పోతుంది. కాబట్టి ఇది మన విషయమే.

మేర్స్క్ సంగతి ఇంకొంచెం చెప్పాల, ఎందుకంటే దాంట్లో నేర్చుకోవాల్సింది చానా ఉంది. ఆ కంపెనీ 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు పది రోజుల్లో మళ్లీ కొత్తగా కట్టుకోవాల్సి వచ్చింది. నష్టం 25 కోట్ల నుంచి 30 కోట్ల డాలర్లు. ఇక్కడ గమనించండి: ఓడల మీది కంప్యూటర్లకు ఏమీ కాలేదు. ఓడలు బాగానే తిరుగుతున్నాయి. కానీ ఏ కంటైనర్ ఓడలో ఏ వరసలో ఉంది అని చెప్పే ఫైలు అందుకునే టెర్మినల్ సిస్టమ్ పోయింది. ఓడ వచ్చి నిలబడింది, క్రేన్ ఉంది, డ్రైవర్ ఉన్నాడు. ఏ పెట్టె ఎత్తాలో తెలీదు!

ఇంకొకటి. ఆ మాల్‌వేర్ వాడుకున్న విండోస్ లోపానికి మైక్రోసాఫ్ట్ ప్యాచ్, అంటే లోపం సరిచేసే అప్‌డేట్ ఇచ్చింది 2017 మార్చిలోనే. అయితే ప్యాచ్ వేసుకున్న మిషన్లు బతికినాయా? అన్నీ బతకలేదు. ప్యాచ్ లేని ఒక్క మిషన్‌లోకి దూరితే చాలు, దాని మెమరీలో ఉన్న అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగిలించి, ఆ పాస్‌వర్డ్‌తో ప్యాచ్ ఉన్న మిషన్లలోకి కూడా పోయింది. పిల్లలూ, ఇది రాసుకోండి. ఒకే అడ్మిన్ పాస్‌వర్డ్ అన్ని మిషన్లకూ పెడితే ప్యాచ్ వేసిన ఫలం దక్కదు.

మరి వాళ్లు ఎట్లా కోలుకున్నారు? నెట్‌వర్క్‌లో ఎవరెవరు ఉన్నారు, ఎవరికి ఏ అధికారం ఉంది అనే పట్టీ దాచే సర్వర్లను డొమైన్ కంట్రోలర్లు అంటారు. అట్లాంటివి దాదాపు 150 ఉన్నాయి వాళ్లకు. ఒకదానికొకటి బ్యాకప్ అని నమ్ముకున్నారు. అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయినాయి. ఘనాలో ఒక్కటి మిగిలింది. ఎందుకు మిగిలింది? దాడి సమయానికి అక్కడ కరెంటు పోయి ఆ సర్వర్ నెట్‌వర్క్‌లో లేదు. అంత పెద్ద కంపెనీ ఒక కరెంటు కోత వల్ల బతికింది. 150 కాపీలున్నా, అన్నీ ఒకే తీగ మీద ఉంటే అవి బ్యాకప్ కాదు. ఈ పూటంతా నేను ఒకటే ప్రశ్న తిప్పి తిప్పి అడుగుతా: మొదటి దారి మూసుకుపోతే, దానితో సంబంధం లేని రెండో దారి ఉందా?

ఇప్పుడు ఓడెక్కుదాం. ఓడలో కంప్యూటర్లు ఎక్కడెక్కడున్నాయి? పైన బ్రిడ్జి, అంటే ఓడ నడిపే గది. అక్కడ ఎక్‌డిస్ అని ఎలక్ట్రానిక్ చార్టు ఉంటుంది. పక్కన రాడార్, జీపీఎస్, చుట్టుపక్కల ఓడలకు తన సంగతి చెప్పే ఏఐఎస్, ఆటోపైలట్, ప్రయాణ రికార్డర్. కింద ఇంజిన్ కంట్రోల్ రూములో మెయిన్ ఇంజిన్ కంట్రోల్, జనరేటర్ల పవర్ మేనేజ్‌మెంట్, అలారం సిస్టమ్, ఓడ నిలకడకు అడుగు ట్యాంకుల్లో నీళ్లు నింపి తీసే బ్యాలస్ట్ పంపులు. ఆఫీసులో ఈమెయిలు, సరుకు బరువు, ఓడ నిలకడ లెక్కగట్టే లోడింగ్ కంప్యూటర్. సిబ్బంది గదుల్లో వైఫై. వీటన్నిటికీ పైన ఒక శాటిలైట్ యాంటెన్నా. సరుకు ఓడలో ఉండేది ఇరవై, పాతిక మంది. వాళ్లలో ఐటీ మనిషి ఉండడు. ఎలక్ట్రో టెక్నికల్ ఆఫీసర్ ఉంటే అదే గొప్ప, ఆయనకూ వంద పనులు.

ఈ పెట్టెలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష ఎన్‌ఎమ్‌ఈఏ 0183. సీరియల్ తీగ మీద, సెకనుకు 4,800 బిట్ల వేగంతో, మనిషి చదవగలిగే మామూలు అక్షరాలు. అక్షాంశం ఇంత, రేఖాంశం ఇంత, వేగం ఇంత, చివర్లో ఒక చెక్‌సమ్. ఎలక్ట్రానిక్స్ పిల్లలు చెప్పండి, చెక్‌సమ్ దేనికి? తీగలో అక్షరం చెడిపోతే పట్టుకోవడానికి. పంపింది నిజంగా జీపీఎస్ రిసీవరేనా అని అది చెప్పదు. అబద్ధం రాసి దానికి సరైన చెక్‌సమ్ వేస్తే ఎక్‌డిస్ ఒప్పుకుంటుంది. ఏఐఎస్ కూడా అంతే. 161.975, 162.025 మెగాహెర్ట్జ్, రెండు వీహెచ్‌ఎఫ్ చానళ్ల మీద ప్రతి ఓడా తన పేరు, చోటు, వేగం చెప్పుకుంటూ పోతుంది. ఎన్‌క్రిప్షన్ లేదు, సంతకం లేదు. లేని ఓడను ఉన్నట్టు చూపొచ్చు. అందుకే ఓడలు గుద్దుకోకుండా చూసుకునే నిర్ణయం ఏఐఎస్ ఒక్కదాన్ని నమ్మి తీసుకోకూడదు. రాడార్ చూడాల, కిటికీలోంచి కంటితో చూడాల.

జీపీఎస్ దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతా, ఇప్పుడు సముద్రం మీద రోజూ జరుగుతున్నది ఇదే. ఉపగ్రహాలు 20,200 కిలోమీటర్ల ఎత్తున ఉన్నాయి. కిందికి వచ్చేసరికి ఆ సిగ్నల్ ఎంత నీరసంగా ఉంటుందంటే, జాతరలో మైకు పక్కన నిలబడి దూరంగా ఉన్న మనిషి గుసగుస వినాలనుకున్నట్టు. పక్కన చిన్న ట్రాన్స్‌మిటర్ పెడితే చాలు, అసలుది వినపడదు. దాన్ని జామింగ్ అంటారు. ఇది కొంత నయం, ఎందుకంటే సిగ్నల్ పోయిందని అలారం మోగుతుంది. స్పూఫింగ్ ఉంది చూడండి, అది ప్రమాదం. అసలు సిగ్నల్ లాంటిదే తయారుచేసి తప్పు చోటు చెప్పిస్తారు. అలారం మోగదు. 2017 జూన్‌లో నల్లసముద్రంలో ఇరవైకి పైగా ఓడల జీపీఎస్‌లు, మీరు నీళ్ల మీద లేరు, విమానాశ్రయంలో ఉన్నారు అని చూపించినాయి. విమానాశ్రయం అంటే తేలిగ్గా తెలిసిపోతుంది. కానీ 2013లో టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక విలాస నౌక మీద, యజమాని అనుమతితోనే, ఇంకో రకంగా చేసి చూపించినారు. చోటును కొంచెం కొంచెంగా పక్కకు జరిపినారు. నడిపేవాళ్లు దారి తప్పుతున్నామనుకుని తామే ఓడను తిప్పినారు. తెర మీద గీత నేరుగానే ఉంది. ఓడ మాత్రం వేరే దారి పట్టింది. 2025 జూన్‌లో హార్ముజ్ జలసంధి దగ్గర వందల ఓడల చోట్లు ఇట్లాగే తారుమారైనాయి.

మరి ఏం చెయ్యాల? రెండో దారి ఏది? రెండో జీపీఎస్ పెట్టుకుంటే సరిపోతుందా? సరిపోదు. రెండూ ఒకే ఆకాశం వింటాయి, రెండూ ఒకే అబద్ధం చెప్తాయి. జీపీఎస్‌తో సంబంధం లేని ఆధారం కావాల. తీరం కనపడుతుంటే లైట్‌హౌస్, కొండకొన, ఇట్లాంటి రెండు మూడు గుర్తుల దిశ, రాడార్ దూరం తీసుకుని చార్టు మీద చోటు వేసుకోవాల. అడుగున లోతు ఎంతో ఎకో సౌండర్ చెప్తుంది, చార్టులో ఆ చోట రాసిన లోతుతో సరిపోతుందా? నీటి మీది వేగం స్పీడ్ లాగ్ చెప్తుంది, జీపీఎస్ చెప్పే వేగంతో పోల్చండి. తేడా ఉండొచ్చు, అది ప్రవాహం. కానీ పది నిమిషాల కిందట లేని తేడా ఉన్నట్టుండి ఎట్లా వచ్చింది? రాడార్‌లో కనిపించే తీరరేఖను ఎక్‌డిస్ మీద పరిచి చూడండి, చార్టు తీరం, రాడార్ తీరం పక్కపక్కకు జరిగినాయా? రిసీవర్‌లో ఉపగ్రహాల సిగ్నల్ బలం పేజీ తెరవండి. మామూలుగా నెత్తి మీది ఉపగ్రహం బలంగా, అంచుది బలహీనంగా ఉంటుంది. అన్నీ ఒకే మట్టంలో ఉంటే అనుమానించాల. జీపీఎస్ చూపే సమయం ఉన్నట్టుండి ముందుకో వెనక్కో దూకిందా చూడాల.

అనుమానం తగిలినాక చేతులు ఎక్కడికి పోవాలో కూడా ముందే తెలిసుండాల. ఆటోపైలట్ గీతను పట్టుకునిపోయే ట్రాక్ కంట్రోల్‌లో ఉంటే ముందు దాన్నించి తియ్యండి. గైరో కంపాస్ (దిక్సూచి) చూపే దిశ పట్టుకునే హెడింగ్ కంట్రోల్‌కు గానీ, చేతి స్టీరింగ్‌కు గానీ మారండి. ఎక్‌డిస్‌లో జీపీఎస్ ఆపి, వేగం, దిశ, సమయంతో అంచనా కట్టే డెడ్ రెకనింగ్ పెట్టండి. మర్చిపోయేది ఒకటుంది: గైరో కంపాస్ కూడా వేగం, అక్షాంశం సవరణకు జీపీఎస్ నుంచి తీసుకుంటుంది. దాన్ని మాన్యువల్‌కు మార్చి చేత్తో వెయ్యాల. తర్వాత వీహెచ్‌ఎఫ్‌లో చుట్టుపక్కల ఓడలకు, తీరంలోని ట్రాఫిక్ కేంద్రానికి చెప్పాల. లాగ్‌బుక్‌లో సమయంతో రాయాల. ఇవన్నీ పాత నావికులకు తెలిసిన విద్యలే. తెర బాగున్న రోజు కూడా ప్రతి వాచ్‌లో, అంటే ప్రతి డ్యూటీ వంతులో చేస్తుంటేనే తెర చెడిన రోజు చెయ్యి ఆడుతుంది.

సరే, ఆకాశం నుంచి వచ్చేది అది. ఇంక లోపలికి వచ్చేది ఎట్లా వస్తుంది? ఎక్కువ యూఎస్‌బీ డ్రైవుతో వస్తుంది. మా ఎక్‌డిస్ ఇంటర్నెట్‌కు తగిలించలేదు కదా అంటారు చానామంది. నిజమే, కానీ చార్టు అప్‌డేట్ వారం వారం రావాల, అది చానా ఓడల్లో యూఎస్‌బీలోనే వస్తుంది. బిమ్కో తదితర షిప్పింగ్ సంఘాల మార్గదర్శకాల్లో ఒక సంఘటన ఉంది. ఓడకు ఇంధనం నింపినాక కొలత చూసే సర్వేయర్ వచ్చి, కాగితాలు ప్రింట్ తీసుకుంటానని ఇంజిన్ కంట్రోల్ రూములోని కంప్యూటర్‌కు తన యూఎస్‌బీ పెట్టినాడు. ఆయనకు చెడు ఉద్దేశం లేదు. మాల్‌వేర్ వచ్చేసింది. అక్కడే ఇంకొకటి: కొత్తగా కట్టిన ఓడ ఎక్‌డిస్‌కు వైరస్ తగిలింది. కాగితపు చార్టులు లేవు. ఓడ కదలడానికి రోజులు పట్టింది. రెండో దారి లేదు కదా!

అడ్డుకోవడం పెద్ద ఖర్చు కాదు. చార్టు అప్‌డేట్‌కు ఒక యూఎస్‌బీ, రంగు ట్యాగు కట్టి, ఇంక దేనికీ వాడకూడదు. వేరే పనులేవీ లేని ఒక కంప్యూటర్‌లో స్కాన్ చేసినాకే ఎక్‌డిస్‌కు పోవాల. వాడని పోర్టులకు తాళం ప్లగ్గులు. ఏజెంటు, సర్వేయర్, ఓడను పోర్టులోకి దారి చూపే పైలట్ ప్రింట్ అడిగితే కాదనకండి, కాదంటే దొంగదారిలో తీసుకుంటారు. ఏ నెట్‌వర్క్‌కూ తగిలించని ఒక పాత ల్యాప్‌టాప్, ఒక ప్రింటర్ వాళ్ల కోసమే పెట్టండి. ఫోన్ చార్జింగ్ కూడా బ్రిడ్జి కంప్యూటర్లకు పెట్టనివ్వకూడదు. గోడకు చార్జర్ పెట్టించండి, సమస్య పోతుంది.

తర్వాత నెట్‌వర్క్‌ను గదులుగా కట్టడం. ఓడ అడుగున చిల్లు పడితే నీళ్లు ఒక గదిలోనే ఆగేట్టు అడ్డగోడలు కడతారు కదా, నెట్‌వర్క్‌కూ అదే సూత్రం. నావిగేషన్, ఇంజిన్ ఒక వైపు, ఆఫీసు ఒక వైపు, సిబ్బంది వైఫై ఒక వైపు. మధ్యలో ఫైర్‌వాల్, అనుమతి రాసినదే పోవాల, మిగతాదంతా ఆగాల. బొమ్మ గీస్తే ఇది అందరి దగ్గరా బాగుంటుంది. చెడేది ఎక్కడంటే, ఓడ కట్టేటప్పుడు పరీక్ష కోసం ఎక్కడికైనా పోనివ్వు అని ఒక రూలు రాస్తారు, అది తియ్యరు. సర్వీసు ఇంజినీరు రెండు స్విచ్చుల మధ్య తాత్కాలికంగా ఒక తీగ వేస్తాడు, అది ఉండిపోతుంది. ఇంజిన్ రూములో సిగ్నల్ లేదని ఎవరో చిన్న వైఫై రూటర్ తగిలిస్తారు. రెండు నెట్‌వర్క్ కార్డులున్న ఒక కంప్యూటర్ అటూ ఇటూ తగులుకుని ఉంటుంది. కాబట్టి బొమ్మను నమ్మొద్దు. టార్చి పట్టుకుని తీగ వెంబడి పోండి. సిబ్బంది వైఫైలో కూర్చుని అలారం సిస్టమ్ అడ్రసుకు పింగ్ కొట్టి, అంటే ఉన్నావా అని అడిగే చిన్న సందేశం పంపి చూడండి. జవాబు వస్తే గోడ లేదు.

శాటిలైట్ టెర్మినల్ అడ్మిన్ పేజీ బయటి ఇంటర్నెట్‌కు కనపడకూడదు. తయారీ కంపెనీ పెట్టి పంపిన పాస్‌వర్డ్ మొదటి రోజే మార్చాల. ఇంజిన్ తయారీదారు దూరం నుంచి చూడాలంటే ఆ దారి ఎప్పుడూ తెరిచి ఉంచొద్దు. చీఫ్ ఇంజినీర్ అనుమతితో తెరవాల, ఎవరు ఎంతసేపు ఉన్నారో రాయాల, పని కాగానే మూసెయ్యాల.

పిల్లలు ఒకటి అడగొచ్చు: అన్నిటికీ ప్యాచ్ వేస్తే పోలా? ఓడ ఇరవై, పాతికేళ్లు తిరుగుతుంది. విండోస్ 7కు మద్దతు 2020 జనవరిలోనే ఆగిపోయింది, ఓడ మాత్రం నడుస్తూనే ఉంది. పైగా ఎక్‌డిస్, ఇంజిన్ కంట్రోల్ అనుమతి పొందిన పరికరాలు. తయారీదారు పరీక్షించకుండా ప్యాచ్ వేస్తే నడిసముద్రంలో అది నిలిచిపోవచ్చు. అందుకే గోడలు, అనుమతించిన ప్రోగ్రాములే నడవనిచ్చే ఏర్పాటు, యూఎస్‌బీ కట్టుబాటు. ఇంకో మాట, ఆఫీసు భద్రత నియమాలను బ్రిడ్జి మీదికి యథాతథంగా తీసుకుపోవద్దు. ఎదురుగా ఓడ వస్తుంటే ఎక్‌డిస్ తెర లాక్ అయి పాస్‌వర్డ్ అడిగితే అది భద్రత కాదు, ప్రమాదం. అక్కడ తెరను తెరిచే ఉంచి, గది తలుపుకు కాపలా పెట్టాల, అడ్మిన్ ఖాతా వేరు చెయ్యాల.

నియమాల సంగతి తొందరగా చెప్తా. అంతర్జాతీయ సముద్ర సంస్థ 2017లో చేసిన తీర్మానం ప్రకారం 2021 జనవరి 1 తర్వాత జరిగే మొదటి వార్షిక తనిఖీ నాటికి కంపెనీల భద్రతా నిర్వహణ పత్రాల్లో సైబర్ ప్రమాదం చేర్చాల. 2024 జులై 1 నుంచి నిర్మాణ ఒప్పందం అయిన కొత్త ఓడలకు ఐఏసీఎస్ (ఓడలను పరీక్షించి ధ్రువీకరించే సంస్థల అంతర్జాతీయ సంఘం) నియమాలు ఈ26, ఈ27 వర్తిస్తాయి. మొదటిది మొత్తం ఓడకు, రెండోది దాంట్లో పెట్టే పరికరాలకు. మన దేశంలో ఐతే, దాడి తెలిసిన ఆరు గంటల్లో సెర్ట్-ఇన్‌కు, అంటే సైబర్ దాడులు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకు చెప్పాలని 2022 ఏప్రిల్ ఉత్తర్వు. 180 రోజుల లాగ్‌లు, అంటే కంప్యూటర్లలో ఏం జరిగిందో నమోదైన రికార్డులు దాచిపెట్టాల. ఇది పోర్టుకే కాదు, ఇక్కడున్న మీ కంపెనీలకు కూడా.

దాడి జరిగిన గంటలో ఏం చెయ్యాల? ఓడలో మొదటి పని ఓడను కాపాడుకోవడం, కంప్యూటర్‌ను కాదు. స్టీరింగ్ అనుమానమైతే స్టీరింగ్ గేర్ రూముకు మనిషిని పంపి అక్కణ్ణుంచి తిప్పాల. ఇంజిన్ కంట్రోల్ అనుమానమైతే ఇంజిన్ పక్కనుండే లోకల్ కంట్రోల్‌కు మారాల. అత్యవసర స్టీరింగ్ డ్రిల్ మూడు నెలలకోసారి ఎట్లాగూ చెయ్యాల, ఆ డ్రిల్‌నే సైబర్ దాడి జరిగిందనుకుని చెయ్యండి. తర్వాత మాల్‌వేర్ అంటుకున్న మిషన్ నెట్‌వర్క్ తీగ పీకండి. స్విచ్ ఆఫ్ చెయ్యొద్దు, మెమరీలో ఉన్న ఆధారం పోతుంది. తెరను ఫోటో తియ్యండి. తీరంలోని కంపెనీ బాధ్యుడికి ఫోన్ చెయ్యండి, అంటుకున్న ఈమెయిలు నుంచి కాదు. తొందరపడి బ్యాకప్ డిస్కు తగిలించొద్దు, అది కూడా పోతుంది. శుభ్రం చేసినాకే. ఆ బ్యాకప్ కూడా ఓడ కెప్టెన్ బీరువాలో, తీగకు దూరంగా ఉండాల, సాఫ్ట్‌వేర్ నడవడానికి తగిలించే లైసెన్సు డాంగిల్స్‌తో సహా. దాన్నుంచి ఒకసారైనా మళ్లీ ఎక్కించి చూసుండాల. 2023 జనవరిలో డీఎన్‌వీ సంస్థ ఓడల నిర్వహణకు ఇచ్చే షిప్‌మేనేజర్ సాఫ్ట్‌వేర్ సర్వర్ల మీద దాడి జరిగితే దాదాపు వెయ్యి ఓడలకు సంబంధం ఉన్నా ఓడలు తిరిగినాయి. ఓడ మీది సాఫ్ట్‌వేర్ తీరంతో సంబంధం లేకుండా సొంతంగా నడవగలిగేట్టు ఉంది, అందుకు.

ఇప్పుడు వెనకాల కూర్చున్న అన్నలకు. పోర్టు నిలిచిపోవడం మన చేతుల్లో లేదు. 2023 జులైలో జపాన్ నగోయా పోర్టు రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే మాల్‌వేర్) వల్ల రెండు రోజులకు పైగా కంటైనర్లు కదపలేదు. అదే ఏడాది నవంబరులో ఆస్ట్రేలియాలో డీపీ వరల్డ్ టెర్మినళ్లలో 30,000 దాకా కంటైనర్లు ఆగినాయి. అట్లాంటి రోజు బండలకు ఏమీ కాదు. అరటికి అవుతుంది. అరటి 13, 14 డిగ్రీల్లో పోవాల. అంతకన్నా దిగితే తొక్క నల్లబడుతుంది, పెరిగితే దారిలోనే మాగుతుంది. కాబట్టి కంటైనర్ నంబరు, సీలు నంబరు, పెట్టాల్సిన ఉష్ణోగ్రత, గాలి కిటికీ ఎంత తెరవాలో, తూకం పత్రం, షిప్పింగ్ బిల్లు, ఇవన్నీ కాగితం మీద మీ దగ్గరొకటి, లారీ డ్రైవర్ దగ్గరొకటి ఉండాల. పోర్టు తెర చీకటైతే అక్కడి మనిషి కాగితం చూసి మీ రీఫర్‌కు కరెంటు ప్లగ్గు పెట్టగలగాల. లారీకి జనరేటర్ ఉందా, ఎన్ని గంటల డీజిల్ ఉంది అనేది బయల్దేరకముందే అడగండి.

మీకు అసలు దెబ్బ తగిలేది మాత్రం ఈమెయిల్‌లో. మీరు, కొనేవాళ్లు రాసుకునే ఉత్తరాలు ఎవరో కొన్ని వారాలు చదువుతూ ఉంటారు. సరుకు ఓడెక్కి, డబ్బు రావాల్సిన రోజు మీ పేరుతో వాళ్లకు ఉత్తరం పోతుంది: మా బ్యాంకు ఖాతా మారింది, దీంట్లో వెయ్యండి. అడ్రసులో ఒక్క అక్షరం తేడా. డబ్బు పోతుంది, సరుకూ పోతుంది. అందుకే మొదటి ఒప్పందంలోనే రాసుకోండి, ఖాతా మార్పు ఈమెయిల్‌లో చెప్తే చెల్లదు, ముందునుంచీ తెలిసిన నంబరుకు ఫోన్ చేసి ఖాయం చేసుకోవాలని. ఉత్తరంలో ఇచ్చిన నంబరుకు కాదు, అన్నా, ఆ నంబరు కూడా దొంగదే. డబ్బు పోయినట్టు తెలిస్తే వెంటనే బ్యాంకుకు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. గంటలు లెక్క అక్కడ.

పిల్లలూ, మీలో ఈ పని నేర్చుకోవాలనుకునేవాళ్లు ఓడ కోసం ఎదురుచూడక్కర్లేదు. ఒక చవక జీపీఎస్ మాడ్యూల్, ఒక మైక్రోకంట్రోలర్, సీరియల్ తీగ కొనుక్కోండి. ఎన్‌ఎమ్‌ఈఏ వాక్యాలు చదవండి. మధ్యలో మీరే ఒక తప్పు వాక్యం కలిపి, చార్టు సాఫ్ట్‌వేర్ ఏమంటుందో చూడండి. తర్వాత ఆ తప్పును పట్టుకునే ప్రోగ్రాం రాయండి: వేగం ఇంతుంటే సెకనులో ఇంత దూరం ఎట్లా జరిగింది అని అడిగేది. కానీ పని అంతా తీగ మీదనే జరగాల. గాల్లోకి జీపీఎస్ గానీ, ఏఐఎస్ గానీ ప్రసారం చెయ్యొద్దు, అది నేరం, పైన పోయే విమానానికి కూడా ప్రమాదం. ఇంటర్నెట్‌లో ఏదో ఓడ టెర్మినల్ పేజీ కనిపించిందని పాస్‌వర్డ్ కొట్టి చూడొద్దు, ఐటీ చట్టం 43, 66 సెక్షన్లు ఉన్నాయి. కనిపించినది సెర్ట్-ఇన్‌కు రాసి పంపండి, లోపాల గురించి చెప్పేవాళ్ల కోసం వాళ్ల దగ్గర పద్ధతి ఉంది. ఇంక ప్రశ్నలు అడగండి, అరటి అన్నలు ముందు.